పెళ్లి గుర్రానికి పెళ్లిచూపులు!

నల్లకుంట సందుల్లో ఎందరో పెళ్లికొడుకుల్ని మోసిన గుర్రం ముసలిదైపోయింది. దాని బదులు ఇంకోదాన్ని తేవాలి. జాతరలో చూస్తే వందల గుర్రాలు... చేతిలో చూస్తే ఒక్క గుర్రానికి సరిపడా డబ్బు. అదీ అప్పు తెచ్చింది!

పెళ్లిళ్ల సీజన్లో నల్లకుంట వాళ్లకి గడియారంతో పనిలేదు. రాత్రి ఎనిమిదయ్యేసరికి ఏదో ఒక సందులో బ్యాండు మొదలవుతుంది. అందరం బాల్కనీల్లోకి వచ్చేస్తాం. ముందు లైట్ల గొడుగులు, వాటి వెనక డ్యాన్సులు, ఆ వెనక గుర్రం మీద చెమటలు కక్కుతూ పెళ్లికొడుకు. పెద్దవాళ్లు పెళ్లికొడుకుని చూస్తారు. పిల్లలు మాత్రం గుర్రాన్నే చూస్తారు. మా ఏడేళ్ల అమ్మాయి ఓ రాత్రి చూసి ఊరుకోలేదు. ‘నాన్నా, మనమూ ఓ చిన్న గుర్రం కొనుక్కుందామా? స్కూటర్ పక్కన కట్టేద్దాం!’ అంది.

నవ్వేసి ఊరుకునేవాణ్నే. కానీ మర్నాడు ఇరానీ హోటల్లో ఆ గుర్రం యజమాని కలిశాడు. పేటలో చిన్నాపెద్దా అందరికీ ఆయన ‘చాచా’. నలభై ఏళ్లుగా బరాత్ గుర్రాలు నడపడమే ఆయన పని. అమ్మాయి కోరిక చెబితే నవ్వలేదు సరికదా, చాయ్ కప్పు కిందపెట్టి, ‘రాణికి ఇరవై దాటినయ్ బేటా. ఇంకో రెండు మూడు సీజన్లు నడిస్తే ఎక్కువ. కొత్తదాన్ని చూడనీకి మాళేగావ్ జాతరకు పోతున్న. వస్తవా?’ అన్నాడు.

చాచాకి ఒకప్పుడు రెండు గుర్రాలుండేవి. ఒకటి వానాకాలంలో కడుపునొప్పి వచ్చి ఒక్క రాత్రిలో చనిపోయింది. గుర్రం వాంతి చేసుకోలేదు. కడుపులో ఏది అడ్డం పడినా ప్రాణం మీదికొస్తుంది. అప్పట్నుంచీ ఇంటిల్లిపాదీ రాణి నాలుగు కాళ్ల మీదే బతుకుతున్నారు. ఇప్పుడు కొనే గుర్రం తేడా వస్తే మళ్లీ కొనే శక్తి లేదు. అందుకే ఆయనకిది జాతర కాదు... ఇంటికి కోడల్ని తెచ్చుకోవడం లాంటి వ్యవహారం.

మల్లన్న దగ్గరికే!

జాతి పశువు కోసం దూరాలు వెళ్లడం మన పేటలకు కొత్తేమీ కాదు. దీపావళి వెళ్లాక నారాయణగూడలో జరిగే సదర్ ఉత్సవానికి హర్యానా నుంచి ముర్రా దున్నపోతులు వస్తాయిగా! గుర్రాలకైతే రాజస్థాన్‌లోని పుష్కర్, తిల్వాడా, మహారాష్ట్రలోని సారంగ్‌ఖేడా సంతలకు పేరు. వాటిలో మనకు దగ్గర నాందేడ్ జిల్లా లోహా తాలూకాలోని మాళేగావ్. (నాసిక్ పక్కనున్న మాలెగావ్ వేరు.) మార్గశిర బహుళ చతుర్దశికి, అంటే డిసెంబరు చివరి రోజులకు కాస్త అటూ ఇటుగా, ఇక్కడ ఖండోబా జాతర మొదలవుతుంది. ఖండోబా అంటే పరాయి దేవుడేం కాదు. మన కొమురవెల్లి మల్లన్ననే మరాఠీవాళ్లు ఆ పేరుతో కొలుస్తారు. ఇక్కడా అదే పసుపు బండారు. పైగా ఆ స్వామి వాహనం గుర్రం. ఇక ఆయన జాతరలో గుర్రాల సంత జరగడంలో ఆశ్చర్యమేముంది!

కాచిగూడలో రైలెక్కి నాందేడ్‌లో దిగి, అక్కణ్నుంచి బస్సులో వెళ్లాం. దుమ్ము, పసుపు, పేడ కలిసిన వాసన. గాడిదలు, ఒంటెలు, ఎద్దులు, వాటి మధ్య వరసలు వరసలుగా గుర్రాలు. చెవుల కొసలు లోపలికి వంగి ఒకదాన్నొకటి తాకుతుంటే అవి మార్వాడీ, కాఠియావాడీ జాతులవి. ఒళ్లంతా పాలతెలుపుతో, చర్మం గులాబీ రంగులో ఉంటే వాటిని ‘నుక్రా’ అంటారు. పెళ్లిళ్లలో గిరాకీ అంతా వీటికే. మన దక్కన్ పీఠభూమిదే ఇంకో జాతి ఉంది... భీమా నది పేరుతో పిలిచే భీమ్‌థడీ. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. మరాఠా సైన్యాల్లో పరుగులు తీసింది ఇదే.

మా అమ్మాయి మాట గుర్తొచ్చి ‘పోనీ పిల్ల’ దొరుకుతుందా అని అడిగాను. చాచా నన్ను వింతగా చూశాడు. అప్పుడు తెలిసింది, చాలామందిలాగే నేనూ పొరబడ్డానని. పోనీ అంటే గుర్రం పిల్ల కాదు, పొట్టి జాతి గుర్రం. మన పాత తెలుగులో తట్టువ. భుజం దగ్గర 14.2 ‘చేతులు’, అంటే సుమారు 148 సెంటీమీటర్ల లోపు ఎత్తుంటే పోనీ. మణిపురీ, స్పితి, జన్‌స్కారీ, భూటియా... ఇవన్నీ మన దేశపు పోనీలే. పోనీకి ఇరవై ఏళ్లొచ్చినా అది పోనీయే. గుర్రం పిల్ల మాత్రం నాలుగైదేళ్లకు పెద్ద గుర్రం అయిపోతుంది. పిల్లను ముద్దుగా ఉందని కొనేవాళ్లు మరిచిపోయేది ఈ సంగతినే.

నోరు తెరిస్తే నిజం

మొదట చూసింది ఓ నుక్రా. నిజంగా అందగత్తె! మెడలో పూసలు, నుదుట కుచ్చులు. ‘మూడున్నరేళ్లు. ఈ సీజన్ నుంచే బరాత్‌కి పనికొస్తుంది’ అన్నాడు అమ్మేవాడు. చాచా దాని మెడ నిమిరి, పెదవి పక్కనుంచి వేలు పోనిచ్చి నోరు తెరిచాడు. ఓ క్షణం చూసి మూసేశాడు. ‘అన్నీ పాలపళ్లే’ అన్నాడు మెల్లగా నాతో.

దానం ఇచ్చిన ఆవుకు పళ్లు లెక్కపెట్టకూడదంటారు. కొనే గుర్రానికి మాత్రం లెక్కపెట్టి తీరాల్సిందే. పుట్టిన వారం పది రోజుల్లో ముందరి పళ్లు ఒక జత వస్తుంది. రెండు నెలల్లోపు రెండో జత, ఆరు నుంచి తొమ్మిది నెలలకు మూడో జత. ఇవన్నీ పాలపళ్లు... చిన్నగా, తెల్లగా, మొదలు దగ్గర సన్నగా ఉంటాయి. రెండున్నరేళ్లకు నడిమి జత ఊడి పెద్ద పళ్లు వస్తాయి. మూడున్నరేళ్లకు రెండో జత, నాలుగున్నరకు మూడోది మారతాయి. పళ్లన్నీ మారాక కూడా లెక్క ఆగదు. కింది పళ్ల మీదుండే గుంటలు ఆరేళ్ల నుంచి ఎనిమిదేళ్ల మధ్య వరసగా అరిగిపోతుంటాయి. అంటే గుర్రం తన పుట్టినరోజు సర్టిఫికెట్ నోట్లోనే పెట్టుకుని తిరుగుతుందన్నమాట!

మరి ఆ నుక్రా వయసు? రెండున్నరేళ్లు కూడా నిండలేదు. పెద్దది కదా అని ఈ సీజన్లోనే దాని మీద మనిషినెక్కిస్తే మోకాళ్లు, వెన్నెముక దెబ్బతింటాయి. గుర్రం ఎముకలు ముదరడానికి టైం పడుతుంది. కాళ్లవి ముందు, వెన్నువి ఆఖర్న. పైకి బలంగా కనిపించే రెండేళ్ల గుర్రం లోపల ఇంకా పిల్లే. ఏడాది తొందరపడితే పదేళ్ల పని పోతుంది. చాచా ఆ అమ్మేవాడితో వాదించలేదు, తిట్టలేదు. సలాం చేసి ముందుకు నడిచాడు.

రెండోది ఎనిమిదేళ్ల ఆడగుర్రం. పక్కనే డప్పులు మోగుతున్నా చెవి కదపలేదు. బరాత్‌కి ఇంతకన్నా ఏం కావాలి అనుకున్నాను. ‘మరీ ఇంత శాంతం మంచిది కాదు బేటా. పొద్దున్నే మల్లొచ్చి చూద్దం’ అన్నాడు చాచా. మత్తు ఇచ్చి ఉంటారేమోనని ఆయన అనుమానం. తెల్లారి వెళ్లేసరికి గుర్రమూ లేదు, మనిషీ లేడు!

తోకకీ డబ్బులిచ్చారు

సుడులు చూసేవాళ్లు మరో రకం. నుదుట, మెడ మీద, పొట్ట పక్కన వెంట్రుకల సుడి ఎటు తిరిగిందో చూసి ఇది యజమానికి కలిసొస్తుంది, ఇది ఇల్లు ముంచుతుంది అని చెప్పేస్తారు. గొంతు కింద ‘దేవమన్’ అనే సుడి ఉందంటే చాలు, రేటు పెరిగిపోతుంది. ఈ నమ్మకం ఇవాళ్టిది కాదు. సంస్కృతంలో శాలిహోత్రుడి పేరు మీద ఓ అశ్వశాస్త్రమే ఉంది. తెలుగులోనూ విజయనగర రాజుల కాలంలో మనుమంచి భట్టు ‘హయలక్షణ విలాసం’ రాశాడు. గుర్రం కొనడం మీద పద్యకావ్యం రాసేంత అవసరం అప్పట్లో ఉండేది మరి!

ఎందుకంటే రాజ్యాలు నిలిచింది గుర్రాల మీదే. మేలుజాతి గుర్రాలేమో సముద్రం దాటి రావాలి. 1244 ప్రాంతంలో కాకతీయ గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనంలోనూ గుర్రాల ప్రస్తావన ఉంది. తుపానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలను పూర్వపు రాజులు లాగేసుకునేవారట. తాను మాత్రం సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని వర్తకులకు మాటిచ్చాడాయన. సాళువ నరసింహుడు ఇంకో మెట్టు పైకెళ్లాడు. హొర్ముజ్, ఏడెన్‌ల నుంచి వచ్చే గుర్రాలను వెయ్యి వరహాలకు మూడు చొప్పున ఆయన కొనేవాడనీ, దారిలో చచ్చిపోయిన గుర్రం తోక తెచ్చి చూపించినా బతికున్న గుర్రం ధరే ఇచ్చేవాడనీ పోర్చుగీసు వర్తకుడు నునిజ్ రాశాడు. ఓడల్లో గుర్రాలు తెచ్చేవాళ్లు నష్టభయంతో మానుకోకుండా రాజుగారు చేసిన బీమా అది!

రాజుల ఖజానా కాబట్టి చెల్లింది. చాచా జేబుకి తోకల బీమా లేదుగా! ‘సుడి తర్వాత చూద్దం. ముందు డెక్క చూడాలె’ అంటాడాయన. ఒక్కో కాలూ ఎత్తి డెక్క అడుగు వాసన చూస్తాడు. కుళ్లు వాసన వస్తే వద్దంటాడు. గట్టి నేల మీద నడిపించి చప్పుడు వింటాడు. నాలుగు అడుగులూ ఒకేలా మోగాలి. తర్వాత పరిగెత్తించి, ఆగాక పొట్ట పక్కల ఎలా ఎగిరెగిరి పడుతున్నాయో చూస్తాడు. సుడి చూడ్డం అన్నిటికన్నా ఆఖర్న. ‘నేను నమ్మను. పెళ్లోళ్లల్ల నమ్మెటోళ్లు ఉంటరు కద!’ అని నవ్వాడు.

కోట్లు పోసినా...

మాళేగావ్‌లో జరిగేది బేరం. పేరున్న జాతుల పిల్లల్ని వేలంలో అమ్మే పద్ధతి వేరేచోట్ల ఉంది. మూసీ దాటితే కనిపించే మన మలక్‌పేట రేసుకోర్సులో పరిగెత్తేవి థరోబ్రెడ్ గుర్రాలు. ఈ జాతి పిల్లలకు ఏడాది దాటగానే వేలంపాటలు మొదలవుతాయి. ప్రతి పిల్లకీ తాతముత్తాతల పేర్లతో వంశవృక్షం ఉంటుంది. లండన్‌లో 1766లో మొదలైన టాటర్‌సాల్స్ ఇప్పటికీ పాట పాడేది గినీల్లోనే. గినీ అంటే ఒక పౌండు అయిదు పెన్నీలు.

అంత చరిత్ర, అంతమంది నిపుణులు ఉన్నారు కదా, అక్కడ పొరపాట్లు జరగవా? అమెరికాలో 2006లో ‘ది గ్రీన్ మంకీ’ అనే రెండేళ్ల గుర్రాన్ని కోటీ 60 లక్షల డాలర్లకు పాడారు. అది మొత్తం మూడు పందేల్లో పరిగెత్తింది. ఒక్కటీ గెలవలేదు. 1983లో కోటీ 2 లక్షల డాలర్లు పలికిన ‘స్నాఫీ డ్యాన్సర్’ అసలు పందెంలోకే దిగలేదు. అదే 1975లో 17,500 డాలర్లకు అమ్ముడుపోయిన ‘సియాటిల్ స్లూ’ 1977లో అక్కడి అతిపెద్ద పందేలు మూడూ గెలిచింది. పిల్లగా ఉన్నప్పుడు గుర్రం ఏమవుతుందో చెప్పడం ఎంత పెద్ద నిపుణుడికైనా కష్టమేనన్నమాట.

మా అమ్మాయి వింటే మురిసిపోయే వేలం ఒకటుంది. అమెరికాలోని వర్జీనియా తీరంలో, ఆసటీగ్ దీవిలో పోనీలు అడవిలో తిరిగినట్టు తిరుగుతుంటాయి. ఏటా జులై చివర్లో వాటిని సముద్రపు పాయ ఈదించి పక్కనున్న షింకోటీగ్ ఊరికి తోలుకొస్తారు. మర్నాడు పిల్లల్ని వేలం వేస్తారు. 1925 నుంచీ దీన్ని నడిపిస్తోంది ఆ ఊరి అగ్నిమాపక దళం. వచ్చిన డబ్బుతో ఫైరింజన్లూ గట్రా కొనుక్కుంటారు. వేలంలో కొన్ని పిల్లల్ని మాత్రం ‘మళ్లీ దీవికే’ అన్న షరతు మీద అమ్ముతారు. పాడుకున్నవాళ్లు ఇంటికి తీసుకెళ్లరు... పేరుపెట్టి వెనక్కి పంపేస్తారు. కొనడమంటే కట్టేసుకోవడమే కానక్కర్లేదని ఎంత చక్కగా చెప్పారు!

నల్లపిల్లలో తెల్లగుర్రం

రెండోరోజు మధ్యాహ్నం చాచా ఓ మూల ఆగిపోయాడు. ఏడాదిన్నర ఆడపిల్ల. మసిగుడ్డతో తుడిచినట్టు నల్లగా, బూడిదగా ఉంది. పూసల్లేవు, కుచ్చుల్లేవు. ఎవరూ అటు చూడటం లేదు కూడా. చాచా పళ్లు చూశాడు, కాళ్లు ఎత్తాడు, నడిపించాడు. ఆ తర్వాత దాని మొహం దగ్గరగా వంగి కళ్లచుట్టూ చాలాసేపు చూశాడు. ‘దీని అమ్మ ఏది?’ అని అడిగాడు. పక్క గుంజకు కట్టేసి ఉందది... మల్లెపువ్వు లాంటి తెల్లగుర్రం!

రహస్యం అప్పుడు చెప్పాడు. తెల్లగా కనిపించే గుర్రాల్లో చాలావరకూ పుట్టేటప్పుడు తెల్లగా ఉండవు. నల్లగానో, గోధుమ రంగులోనో పుడతాయి. తల్లో తండ్రో ఆ రకం అయ్యుండాలి. ముందుగా కళ్లచుట్టూ తెల్ల వెంట్రుకలు మొలుస్తాయి. ఏటేటా బూడిద, ఆ తర్వాత వెండి, ఏడెనిమిదేళ్లు వచ్చేసరికి తెలుపు. అయినా లోపలి చర్మం నల్లగానే ఉంటుంది కాబట్టి నుక్రాకి మల్లే ఎండకి కందిపోదు. జాతరలో అందరూ తెల్లపిల్లల కోసం ఎగబడుతుంటే చాచా రేపటి తెల్లగుర్రాన్ని ఇవాళ్టి నల్లపిల్ల ధరకు అడుగుతున్నాడు!

చిక్కు మాత్రం ఉంది. పిల్లను కొంటే రెండున్నరేళ్లు తిండి పెట్టడమే తప్ప పైసా రాదు. పెద్దదాన్ని కొంటే వారం తిరక్కుండా సంపాదన మొదలవుతుంది గానీ దాని గతం తెలియదు. ఎక్కడ కిందపడిందో, ఎవరిని తన్నిందో ఎవరు చెబుతారు? చాచా బీడీ కాల్చుకుంటూ చాలాసేపు కూర్చున్నాడు. లెక్కలన్నీ చివరికి రాణి దగ్గరే ఆగుతున్నాయి. ‘రాణి ఇంకో రెండేళ్లు ఈడ్చుకొస్తే పిల్ల తయారైతది. ఈడ్వకపోతే...’ అని ఆగి, లేచి దులుపుకుని, భుజమ్మీద తువ్వాలు తీశాడు.

సంతల్లో పాత పద్ధతి అది. తువ్వాలు కింద ఇద్దరూ చేతులు కలుపుతారు. వేళ్లు పట్టుకుని వేలు, వందలు చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి రేటు తెలియదు. చాచా మొహంలో ఏ భావమూ లేదు. రెండుసార్లు చేతులు విడిపోయాయి. మూడోసారి అమ్మేవాడు నవ్వాడు. పిల్ల తలకి పసుపు బండారు రాశారు. ఎంతకు కుదిరిందో దారి పొడుగునా అడిగినా చాచా చెప్పలేదు!

రక్తపరీక్ష అయ్యాకే లారీ

బేరం కుదిరిందని వెంటనే తోలుకురావడానికి లేదు. గుర్రాలకు గ్లాండర్స్ అనే అంటువ్యాధి ఉంది. మనుషులకీ సోకుతుంది. టీకా లేదు. రక్తపరీక్షలో ఉందని తేలితే చట్టప్రకారం ఆ గుర్రాన్ని చంపేయాల్సిందే. పరీక్షలో లేదని తేలిన కాగితం చూడకుండా డబ్బు చేతిలో పెట్టొద్దంటారు అనుభవజ్ఞులు. ప్రయాణం చేయగలదని పశువైద్యుడి ధ్రువపత్రం కూడా ఉండాలి. చాచా రెండు కాగితాలూ చూసి, మడిచి, లోపలి జేబులో పెట్టుకున్నాకే మిగతా డబ్బు ఇచ్చాడు. ఊరు చేరాక నారాయణగూడలోని ప్రభుత్వ పశువైద్యశాలకు తీసుకెళ్లి నులిపురుగుల మందు, ధనుర్వాతం టీకా వేయించాడు. కొత్తపిల్లను కొన్నాళ్లు రాణికి దూరంగా విడిగా కట్టేశాడు. ఏదైనా జబ్బుంటే బయటపడాలి కదా!

ఆ తర్వాత మొదలైంది అసలు ఖర్చు. ఎదిగిన గుర్రం రోజుకి పాతిక నుంచి నలభై లీటర్ల దాకా నీళ్లు తాగుతుంది. దాని బరువులో వందకి రెండు వంతులు మేత కావాలి... మూడొందల కిలోల గుర్రానికి రోజూ ఆరు కిలోల ఎండుగడ్డి లెక్క. ఉడికించిన ఉలవలు అదనం. మనం ఉలవచారు చేసుకుని లొట్టలేసే ఆ ఉలవలనే ఇంగ్లిషువాళ్లు హార్స్‌గ్రామ్ అంటారు. ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి డెక్కలు చెక్కించాలి. ఇదంతా నెలో రెణ్నెల్లో కాదు. బాగా చూసుకుంటే గుర్రం పాతిక ముప్ఫై ఏళ్లు బతుకుతుంది. మోజుపడి కొన్నవాళ్లు ఆర్నెల్లకే ఎవరికో ఒకరికి అంటగట్టడానికీ, ముసలి గుర్రాలు రోడ్ల మీద చెత్త తింటూ కనిపించడానికీ కారణం ఈ లెక్క ముందే వేసుకోకపోవడమే.

దేశంలో గుర్రాలు, పోనీలు కలిపి 2012లో 6 లక్షల పైచిలుకు ఉంటే, 2019 పశుగణనకి 3 లక్షల 40 వేలకు పడిపోయాయి. బండ్లు పోయాయి, బరువులు మోసే పనులు పోయాయి. మిగిలిన కొద్దిపాటి కొలువుల్లో మన వీధి బరాత్ ఒకటి.

ఎప్పుడు తెల్లగైతది?

లారీ దిగిన మూడో రోజు మా అమ్మాయిని షెడ్డుకు తీసుకెళ్లాను. దూరంగా నిలబడి చాలాసేపు చూసింది. మొహంలో నిరాశ దాచుకోలేదు. ‘ఇది తెల్లగా లేదు’ అంది.

‘తెల్లగైతది బిటియా. నువ్వు ఎనిమిదో క్లాసుకొచ్చేసరికి పాల లెక్క అయితది’ అన్నాడు చాచా.

‘మరి నేను ఎప్పుడెక్కాలి?’

‘మూడేండ్ల దాంక ఎవ్వరూ ఎక్కరు. నేను కూడ ఎక్క. అప్పటిదాంక బ్యాండు వినుడు, పటాకులు వినుడు, నీ అసొంటి పిల్లలతోని దోస్తీ చేసుడు... గదే దాని స్కూలు.’

ఇప్పుడు ప్రతి ఆదివారం మా ఇంట్లో ఓ గిన్నెడు ఉలవలు ఎక్కువ ఉడుకుతున్నాయి. చాచా చెప్పినన్నే, చెప్పినట్టే తీసుకెళ్తున్నాం. అరచేయి చాచి, వేళ్లు కలిపి పెట్టడం అమ్మాయికి వచ్చేసింది. స్కూటర్ పక్కన గుర్రం కట్టేద్దామన్న మాట మళ్లీ ఎత్తలేదు. పిల్లకి ‘మబ్బు’ అని పేరు పెట్టింది. నిన్న షెడ్డు నుంచి పరిగెత్తుకొచ్చి వాళ్లమ్మకి చెప్పింది... ఎడమకన్ను కింద మరో మూడు తెల్ల వెంట్రుకలు వచ్చాయట!